కుంగిన ఇళ్ళ జాబితా

భిలాయి క్యాంపు ఒకటి, తొమ్మిదో వీధిలో నేల కుంగడం లేదని 1966 ఏప్రిల్ పన్నెండో తేదీన అధికారికంగా ప్రకటించారు. హిందీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, రెండు కాగితాలు వీధి కుళాయి పక్క స్తంభానికి అంటించారు. అంటించడానికి వచ్చిన మనిషి నిచ్చెన ఎక్కగానే దాని ఎడమకాలు జానెడు లోపలికి దిగింది. అతను కిందికి దిగి, నిచ్చెన పైకి లాగి, మట్టి దులుపుకుని, మరో పక్కనుంచి ఎక్కి పని పూర్తిచేసి వెళ్ళాడు.

కొత్తగా కట్టిన ఇళ్ళ కింద నేల కొంతకాలం కదలడం సహజమని, రెండంగుళాల లోపు కదలికను కుంగడం అనరని, ప్రజలు వదంతులు నమ్మరాదని, ముఖ్యంగా తమ ఇంటి నేల చూసి తామే పుట్టించుకున్న వదంతులు అసలే నమ్మరాదని ఆ ప్రకటన సారాంశం. కొత్తగా కట్టిన ఆ ఇళ్ళకు అప్పటికి ఎనిమిదేళ్ళు.

ఆ ప్రకటనను వీధికి చదివి వినిపించింది పద్నాలుగో నంబరు ఇంటి పార్వతమ్మ. విజయనగరంలో ఇంటరు చదివి వచ్చిన మనిషి కనుక వీధిలో ఏ కాగితం అంటించినా ఆమే చదవాలి. చదివేసి ఇంట్లోకి వెళ్ళి పెనం మీద దోసె వేసింది. పిండి ఎప్పట్లాగే ఈశాన్యం మూలకు జారింది. ఆ మూల దోసె దిబ్బరొట్టెంత మందం, నైరుతి మూల ఉల్లిపొర. పొయ్యి కింద పెంకుముక్క పెట్టి సరిచేసి పది రోజులైంది. మళ్ళీ ఇంకో పెంకు కావలసి వచ్చింది.

పొయ్యికి పెంకులు చాలు. అత్తగారి మంచానికే చాలడం లేదు. అప్పలనర్సమ్మగారికి తుంటి విరిగి ఏడాదైంది. వంటింటిని ఆనుకున్న వెనకగదిలో నులకమంచం మీదే ఆమె పగలూ రాత్రీ. మంచం కోళ్ళలో రెండింటి కింద పార్వతమ్మ చెక్కముక్కలు పెడుతూ వస్తోంది. జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో మూడు, ఏప్రిల్ నాటికి ఆరు. ముందుగది నేల కూడా అదే దారిలో ఉంది, కాకపోతే కొంచెం బద్ధకంగా.

"ఒలే పార్వతీ, ఇయ్యాల నా తలకాయి పైకుందో కాళ్ళు పైకున్నాయో సూడవే" అనేది ముసలామె పొద్దున్నే. "కాళ్ళు పైకుంటే కాఫీ ముక్కులోకి వస్తంది."

ఈ విషయంలో పార్వతమ్మ కచ్చితమైన మనిషి. బలరాం అనే తాపీమేస్త్రీని పిలిచి, నీళ్ళు నింపిన రబ్బరు గొట్టంతో గోడ మీద మట్టం తీయించింది. వారం వారం పెన్సిలు గీత గీసి పక్కన తేదీ వేసింది. మూడు నెలల గీతలు చూస్తే, జూన్‌లో వానలు పడ్డాక వెనకగది నిలవదని తెలుసుకోవడానికి ఇంటరు కూడా అక్కర్లేదు. మంచంతో సహా అత్తగారిని వానల లోపు గట్టి నేల మీదికి చేర్చాలి. క్వార్టరు ఇస్తే గాని కదలలేరు. భిలాయిలో అద్దెకు ఇల్లు దొరకడం, ఆ రోజుల్లో, అడవిలో రైలు దొరకడం లాంటిది.

కారణం బలరామే చెప్పాడు. ఆ క్యాంపు లేవకముందు అక్కడున్న పల్లె అతనిది. "దీదీ, ఇహాఁ బడ్కా గడ్ఢా రిహిస్" అన్నాడు తాపీతో నేల చూపిస్తూ. పెద్ద గొయ్యి ఉండేదట. కర్మాగారం రోడ్లకు ఎర్రమొరం తవ్వి తీసుకెళ్ళగా మిగిలిన గొయ్యి. తర్వాత విదేశాలనుంచి యంత్రాలు దిగాయి. అవి వచ్చిన చెక్కపెట్టెల్లో మంచి చెక్క మంచాలూ కుర్చీలూ అయింది. పుచ్చు చెక్క, గడ్డి, రంపంపొట్టు ఎవరో కాంట్రాక్టరు ఆ గోతిలో పోసి, పైన రెండడుగుల మట్టి కప్పి, చదునుగా ఉందని చూపించి పోయాడు. దాని మీద తొమ్మిదో వీధి లేచింది. చెక్కను చెదలు తింటోంది. చెదలు తినలేనిది కుళాయి గొట్టం కారి, ఆ నీళ్ళు తోడుకుపోతున్నాయి.

పార్వతమ్మ ఇదంతా తేటగా రాసి, గొట్టం బాగుచేసి, నేల తవ్వి రాళ్ళూ మొరమూ పోసి దిమ్మిస కొట్టించమని క్యాంపు నివాసాల కార్యాలయానికి అర్జీ పెట్టింది. కార్యాలయం సకాలంలో జవాబిచ్చింది. గొట్టం నీటి శాఖది. గొయ్యి రోడ్ల శాఖది. చెదలు ఏ శాఖవో విచారిస్తున్నారు. కుంగడం అనేది లేదు కనుక దానికి శాఖ లేదు. పోతే, ప్రభుత్వ గోడ మీద పెన్సిలు గీతలు గీసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.

విషయం అక్కడితో ముగిసేదే. కాని మే మొదటివారంలో పైనుంచి ఎవరో దయగల అధికారి ఒక ఉత్తర్వు పంపారు. క్యాంపులో నేల కుంగిన ఇళ్ళు ఏవైనా ఉంటే జాబితా తయారుచేసి, ఆ కుటుంబాలకు వానల లోపు మరోదా కాలనీలో కొత్త క్వార్టర్లు ఇవ్వవలసిందని. మరోదా క్వార్టరంటే రెండు గదులూ వంటిల్లూ, ఇంట్లోనే కుళాయి.

ఆ మర్నాటినుంచి తొమ్మిదో వీధి గట్టి నేల అంతా కుంగసాగింది.

"ఏటి వదినా, మీ గోడ పగులు ఎంత బాగుందో" అంది పదిహేనో నంబరు పైడమ్మ, గుమ్మంలో నిలబడి, చెంపన చెయ్యి పెట్టుకుని. "పైనించి కిందకి జడలాగ దిగింది. మాదీ ఉంది, ఎలక తోకంత. దాన్ని సూసి ఎవలు కోటరిస్తారు?"

"నీ ఇల్లు గట్టి నేల మీద పడింది పైడమ్మా. సంతోషించు."

"గట్టి నేల ఏటి సేసుకోను వదినా, కరిసి తిననా? అదురుట్టం నీది."

ఆ అదృష్టం లేనివాళ్ళు ప్రయత్నం మీద ఆధారపడ్డారు. పైడమ్మ మొగుడు నరసింగరావు వీధి సంఘానికి కార్యదర్శి, ఉక్కు మిల్లులో ఫోర్‌మన్. ఏ పనైనా పద్ధతి ప్రకారం చేసే మనిషి. డ్యూటీ దిగివచ్చి గడ్డపార తీసేవాడు. పార్వతమ్మ మొగుడు శంకరరావు అదే మిల్లులో క్రేను నడుపుతాడు. గోడ అవతల దబ్‌దబ్‌మని వినిపిస్తుంటే, "నరసింగరావుగారి నేల మనదానికంటే తొందరగా కుంగేలా ఉందే" అన్నాడు మెచ్చుకోలుగా. ఆయనకు ఎవరిమీదా కోపం రాదు. అంత ఎత్తున క్రేనులో కూచునేవాళ్ళకు కిందివాళ్ళంతా ఒకేలా కనిపిస్తారు.

కుంగని నేల కుంగడానికి కారణాలు కనిపెట్టి, ముందుగా లెక్కగట్టి, అదుపు చేయడానికి కార్యాలయం ఒక ఉపసంఘం వేసింది. అధ్యక్షుడు అక్కడి అధికారి గణపతిరావుగారు. ఆయన చదివింది లోహాల గురించి. నేలలో కూడా ఇనుము ఉంటుంది కనుక ఆయన్నే వేశారు. మూడు రోజులు వీధిలో తిరిగారు. బలరాం అదే వీధిలో ఒకరి ప్రహరీ కడుతూ మూడు రోజులూ కనబడ్డాడు గాని, తాపీమేస్త్రీని అడగాలని నిబంధనల్లో లేదు. నాలుగో రోజు కుళాయి దగ్గర షామియానా వేయించి కారణం ప్రకటించారు.

"సోదర సోదరీమణులారా, భూమాత సహనానికి మారుపేరు. ఆమె తనంతట తాను కుంగదు. ఈ వీధిలో ఇరవై నాలుగు ఇళ్ళు. అందులో పద్దెనిమిది ఇళ్ళ ఆడవాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం వైపువారు. వీరు వంటింట్లో రోలు పాతుకుని కారం దంచుతారు, పసుపు దంచుతారు, ఆవపిండి దంచుతారు. నిన్న నేను స్వయంగా గడియారం పట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి నలభై రెండు పోట్లు. ఇలా ఎనిమిదేళ్ళు. ఇంకే నేలైనా ఎప్పుడో లేచి వెళ్ళిపోయేది. రోకలే దీనికి కారణమని ఉపసంఘం ఏకగ్రీవంగా నిర్ణయించింది."

జనం చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు కూడా కొట్టారు. తాము ఇంతటివాళ్ళమని వాళ్ళకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

రోకళ్ళన్నీ కార్యాలయంలో నమోదు చేయించమన్నారు. ఆవకాయ రోజులు, అయినా ఆడవాళ్ళు భుజాన రోకళ్ళు వేసుకుని వరుసలో నిలబడ్డారు. ప్రతి రోకలికీ బరువు చూసి, అడుగునున్న ఇనప పొన్నుమీద నంబరు కొట్టి, కాగితం ఇచ్చారు. రోకలి ఎంత బరువైతే ఇల్లు అంత కుంగినట్టు. పైడమ్మ రోకలి ఆరు సేర్లు తూగింది. ఆమె రెండు రోజులు దాన్ని నీళ్ళలో నానబెట్టిందన్న మాట నిజమే గాని, నానబెట్టరాదని నిబంధన లేదు.

పార్వతమ్మ వంతు వచ్చింది.

"మీ రోకలేదండీ?" అన్నారు గణపతిరావుగారు.

"మా ఇంట్లో లేదండీ. కారం మిల్లులో పట్టిస్తాం. అత్తగారి మంచానికి అదురు తగలకూడదని రోలు కూడా పెట్టలేదు."

గణపతిరావుగారి మొహంలో నిజమైన జాలి కనిపించింది. "అయితే మీ ఇల్లు కుంగే అవకాశమే లేదు కదమ్మా."

"ఏడంగుళాలు కుంగిందండీ. వచ్చి చూడండి."

"చూడవచ్చు. చూసినంత మాత్రాన ఏమవుతుంది? కారణం లేని ఇంట్లో ఫలితం ఎలా రాసుకుంటాం? మీరు చదువుకున్నవారు."

చదువుకున్నవారు కనుక పార్వతమ్మ ఇంటికి వచ్చేసింది. రెండు రోజులు ఆలోచించింది. లేని రోకలి ఉందని చెప్పడం ఆమెకు చేతకాని పని. మూడో రోజు అత్తగారి మంచం కింద తొమ్మిదో చెక్కముక్క పెడుతున్నప్పుడు చేతనయింది. వెళ్ళి పైడమ్మను రోకలి అడిగింది. పైడమ్మ పాపం కాదనలేదు. "తీసుకెల్లు వదినా, జాగర్త, తడారిపోకుండా సూడు" అని ఇచ్చింది. కార్యాలయంలో పొన్నుమీద నంబరు చూశారు. ఆ రోకలి అప్పటికే పదిహేనో ఇంటిని కుంగదీసింది. ఒకే రోకలి రెండిళ్ళను కుంగదీయడం నిబంధనలకు విరుద్ధం. పార్వతమ్మ రోకలి తిరిగి ఇచ్చేసింది.

ఇక ముందుగా లెక్కగట్టే పని. రోకలి బరువును దంపుడు పోట్లతో హెచ్చవేసి, ఇంట్లో కారం తినేవాళ్ళ సంఖ్యతో మళ్ళీ హెచ్చవేసి, జూన్ పదో తేదీకి ఏ ఇల్లు ఎంత కుంగుతుందో గణపతిరావుగారు పట్టిక తయారుచేశారు. తమ ఇంటి అంకె తెలియక ప్రజలు ఆందోళన పడకూడదని ఆ పట్టికను కుళాయి దగ్గరే అంటించారు. పదిహేనో నంబరుకు నాలుగంగుళాలు. పద్నాలుగో నంబరుకు సున్నా. గోడ పగుళ్ళ మీద అడ్డంగా సన్నని గాజుపలకలు అతికించారు. పగులు కదిలితే గాజు విరుగుతుంది.

జూన్ పదిన కొలిచారు. నరసింగరావు ఇంట్లో నేల సరిగ్గా నాలుగంగుళాలు దిగింది. నూలువాసి తేడా లేదు. అంచులు బద్దపెట్టి గీసినట్టున్నాయి. ఫోర్‌మన్ చేతి పని. పట్టికలో రెండంగుళాలు దాటిన పదకొండు ఇళ్ళూ తమ అంకెను తు.చ. తప్పకుండా పాటించాయి. గాజుపలకలు కూడా ఎక్కడికక్కడ సరిగ్గా మధ్యకు విరిగి ఉన్నాయి. గణపతిరావుగారి కళ్ళు చెమర్చాయి. భూమి ఇంత క్రమశిక్షణతో నడుచుకున్న సందర్భం ఏ దేశపు శాస్త్రంలోనూ లేదని ఆయన నివేదికలో రాశారు. అది నిజమే.

పద్నాలుగో ఇంట్లో గాజు అతికించిన మూడో రోజే విరిగింది. దాన్ని గృహిణి అజాగ్రత్తగా నమోదు చేశారు. అయినా ఏ ఇంటికీ అన్యాయం జరగకూడదు గదా అని ఉపసంఘం సభ్యులు అయిదుగురూ, ఒక గుమాస్తా, ఆయన మోసే దస్తరాల పెట్టె పార్వతమ్మ వంటింట్లోకి వచ్చారు.

"నెమ్మదిగా నిలబడండి, అందరూ ఒకేచోట వద్దు" అంది పార్వతమ్మ.

"ఇవేమిటమ్మా, గోడ మీద మళ్ళీ గీతలు?" అంటూ గణపతిరావుగారు ఒక అడుగు ముందుకు వేసి, మోకాలి దాకా నేలలోకి దిగారు. లోపల ఏదో మెత్తగా, చల్లగా తగిలింది. కాలు పైకి లాగితే బూటు నిండా నల్లటి రంపంపొట్టు, దాని మీద తెల్లగా చెదపురుగులు.

వెనకగదిలోంచి అప్పలనర్సమ్మగారి గొంతు వినిపించింది. "ఎవలే పార్వతీ, దిగినారు?"

"ఆఫీసరుగారు అత్తయ్యా."

"అలాగా. మంచినీల్లియ్యి."

గణపతిరావుగారు న్యాయమైన మనిషి. జరిగినదాన్ని దాచలేదు. పద్నాలుగో ఇంట్లో నేల ఆరుగురు మనుషులూ ఒక పెట్టే కలిపిన బరువుకు తాత్కాలికంగా లొంగిందనీ, దీన్నిబట్టి నేల కుంగడానికి తనిఖీలు రెండో కారణమని రుజువైందనీ, కనుక దాన్ని అదుపు చేయడానికి ఇకమీదట ఏ ఇంటినీ తనిఖీ చేయరాదనీ రాశారు. అందరూ సంతకాలు పెట్టారు.

పదిహేనో తేదీన పదకొండు కుటుంబాలు సామాన్లు లారీలకెక్కించుకుని మరోదా వెళ్ళాయి. "ఒస్తాం వదినా, మనసుకెలాగో ఉంది" అని పైడమ్మ కళ్ళు తుడుచుకుంది. నిజంగానే ఏడ్చింది. రోకలి మాత్రం లారీలో తన పక్కనే పెట్టుకుంది. ఖాళీ చేసిన ఇళ్ళకు కార్యాలయం తాళాలు వేసి, లక్క ముద్రలు కొట్టి, 'కుంగిన ఇల్లు, ప్రవేశం ప్రమాదకరం' అని ఎర్రరంగుతో రాయించింది. ఆ విధంగా తొమ్మిదో వీధిలో గట్టిగా ఉన్న ఇళ్ళన్నింటినీ ప్రజలు దగ్గరికి వెళ్ళకుండా కాపాడారు.

పంతొమ్మిదో తేదీ మధ్యాహ్నం వాన మొదలైంది. పార్వతమ్మ గీత గీయబోయి పెన్సిలు కింద పెట్టేసింది. గొట్టంలో నీటిమట్టం పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్యే వేలెడు తేడా చూపిస్తోంది.

"బలరాం భయ్యాను పిలవండి" అంది మొగుడితో.

"ఎందుకు?"

"పదిహేనో ఇంటి తలుపు తీయడానికి."

"ముద్ర వేశారే. నేరం కదటే."

"ముద్ర ముట్టుకోవద్దు. బందులు ఊడదీస్తే చాలు."

శంకరరావు అత్తెసరు ధైర్యం ఉన్న మనిషే గాని, ఆ పూట పెళ్ళాం మొహం చూసి గొడుగు అందుకున్నాడు. బలరాం తలుపు బందుల మరలు విప్పి, తాళంతో, ముద్రతో సహా తలుపును పక్కకు ఆనించాడు. నలుగురు మగవాళ్ళు నులకమంచాన్ని ముసలామెతో సహా ఎత్తి, వానలో పక్కింటికి తెచ్చి, నరసింగరావు చెక్కిన నాలుగంగుళాల గోతిని తప్పించి, గట్టి నేల మీద దించారు. మంచం నాలుగు కోళ్ళూ ఒక్కసారే నేలను తాకాయి. అప్పలనర్సమ్మగారు కాసేపు కదలకుండా పడుకుని, "ఏటో, కళ్ళు తిరుగుతున్నాయే. తిన్నగా పండుకుని ఎన్నాళ్ళయిందో" అంది.

నాలుగు రోజుల తర్వాత, పగలు పదకొండింటికి, పద్నాలుగో నంబరు వంటిల్లూ వెనకగదీ లోపలికి వెళ్ళిపోయాయి. పెద్ద చప్పుడేం కాలేదు. చెరుకు పిప్పి నమిలినట్టు ఒక శబ్దం, అంతే. గోతిలో నీళ్ళు నిండాయి. యంత్రాల పెట్టెల చెక్కలు కొన్ని పైకి తేలాయి. వాటి మీద రాసి ఉన్న విదేశీ అక్షరాలు ఇంకా చెరగలేదు.

వారంలో కార్యాలయంనుంచి పార్వతమ్మకు తాఖీదు వచ్చింది. కుంగినట్టు ధ్రువీకరించబడిన పదిహేనో నంబరు ఇంట్లో తాము అక్రమంగా, ప్రమాదకరంగా నివసిస్తున్నారు. తమ క్షేమం దృష్ట్యా తక్షణమే తమ స్వంత నివాసమైన పద్నాలుగో నంబరుకు తిరిగి వెళ్ళవలెను. సదరు ఇల్లు సున్నా అంగుళాలు కుంగినట్టు రికార్డులో ఉన్నది.

దీనికి పార్వతమ్మ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయింది తాఖీదుకు జతచేసిన కాగితం చూసి. మరోదాకు వెళ్ళిన పదకొండు కుటుంబాల విన్నపం అది. పదకొండు సంతకాలు. అందులో పైడమ్మది వేలిముద్ర. పార్వతమ్మగారి ప్రాణాలు తమకు ముఖ్యమని, ఆమె అలా కుంగిన ఇంట్లో ఉండటం చూసి తమకు అన్నం సహించడం లేదని, ఆమెను పంపించివేయవలసిందని అందులో ఉంది. రాయని సంగతి ఒకటే. కుంగిన ఇంట్లో ఒక ముసలామె మంచం నిశ్చింతగా నాలుగు కోళ్ళ మీద నిలబడితే, ఆ ఇల్లు కుంగిందా అని రేపు ఎవరైనా అడగవచ్చు. అడిగితే మరోదా ఇంట్లో కుళాయి ఆగిపోవచ్చు.

ఆదివారం నరసింగరావు తొమ్మిదిమంది పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. పార్వతమ్మ వాళ్ళకు టీ ఇచ్చింది. తర్వాత చీరకుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని బురదలో నడిచి, వాళ్ళను పద్నాలుగో నంబరు వెనక గోడ ఉన్నచోటికి తీసుకెళ్ళి నిలబెట్టింది. గోతిలో నీళ్ళు ఎర్రగా, అంచుల దాకా ఉన్నాయి.

"మంచం ఎక్కడ వేయమంటారు అన్నయ్యా?" అంది.

కొందరు చెప్పుల బురద గీకుకున్నారు. నరసింగరావు ఫోర్‌మన్ చూపుతో గోతిని ఈ చివరనుంచి ఆ చివరకు కొలిచాడు.

"నీరు రెండు మూడ్రోజుల్లో లాగేస్తాది సెల్లెమ్మా" అన్నాడు చివరికి.

మిగతావాళ్ళు, అవును, లాగేస్తుందన్నారు. పదిహేనో నంబరు కిటికీలోంచి అప్పలనర్సమ్మగారి గొంతు తాపీగా వచ్చింది.

"లోతెంతో ముందు నువ్వు దిగి సూపించరా నర్సింగూ. ఆనక నా మంచం తెద్దురుగాని."

నరసింగరావు దిగలేదు. పార్వతమ్మా కదల్లేదు. విన్నపం మాత్రం వెనక్కి తీసుకోలేదు, ఇంకా పరిశీలనలో ఉంది. ఆ పదకొండుమందీ దుర్మార్గులని తీర్పు చెప్పే ముందు, పాఠకులు ఎవరికివారు తమ క్వార్టరు తమకు ఎలా వచ్చిందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోవలసిందిగా మనవి.